చదరంలో నల్లమట్టి

గడ్డి లెక్కపెట్టడానికి ఎమ్మెస్సీ చదవాలా అని మీకు అనుమానం రావచ్చు. సిద్దయ్య నాయన గండయ్యకూ వచ్చింది. మోత్కూరులో మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న గండయ్య, కొడుకు చెప్పిందంతా విని, పోగు విసిరే నాడె చేతిలోనే ఆపి అడిగాడు.

"గడ్డి లెక్కవెట్టుడు గూడ సదువేనా బిడ్డా?"

"సదువే బాపు. పెద్ద సదువు."

"అట్లయితె మనూరి పసులగాపరోళ్లంత ఎన్నడో పెద్ద సదువులు సదివిండ్రన్నట్టు."

అని నవ్వి మళ్లీ నాడె విసిరాడు. కొడుకు అడిగిన నూలు మాత్రం కాదనలేదు. అది పందొమ్మిది వందల నలభై మూడు. యుద్ధం పుణ్యమా అని నూలు కంట్రోలులో పడి, మగ్గానికి ఇంతని తూచి ఇస్తున్న రోజులు. అందులోంచే ఒక చిలప నూలు తీసి, పసుపు రంగు అద్ది, గంజి పెట్టి ఆరేసి, చుట్టగా చుట్టి కొడుకు సంచిలో పెట్టాడు. వానకు తడిసినా తెగదు, ఎండకు ఎండినా వదులు కాదు అన్నాడు. ఆయనకు ఆ చదువు అర్థం కాలేదు గాని, దారం విషయంలో ఎవరూ తనకు చెప్పనక్కర లేదు.

సిద్దయ్య పట్నంలో యూనివర్సిటీలో చదువుతున్నాడు. అక్కడ చదువంతా ఉర్దూలో. చెట్టుచేమల శాస్త్రాన్ని నబాతియాత్ అంటారు. పాఠం ఉర్దూలో, మొక్కల పేర్లు లాటినులో, వంటవాడి తిట్లు దక్కనీలో. తెలుగు అతనికి కలల్లోనే వినిపించేది. హాస్టల్లో తోటివాళ్లు చెడ్డవాళ్లేమీ కాదు. పలకరించేవాళ్లు, నోట్సు ఇచ్చేవాళ్లు. కాని నవాబుల ఇళ్ల కబుర్లు, షికార్ల కబుర్లు సాగుతున్నచోట మగ్గం గుంట సంగతి ఏమని ఎత్తుతాడు? మొదటి ఏడాది ఎత్తకుండా ఊరుకున్నాడు. రెండో ఏడాదికి ఊరుకోవడం అలవాటైంది. నాలుగైదు ఏళ్లు గడిచేసరికి, అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడని మనిషి అయిపోయాడు. ఒంటరితనం కూడా ఒక జబ్బే. కాకపోతే జ్వరంలా ఒళ్లు కాలదు కాబట్టి పట్టినవాడికి తెలియదు.

ప్రొఫెసరు జమీలుద్దీన్ సాహెబ్ అతనికి ఒక ప్రశ్న ఇచ్చాడు. మేకలూ పశువులూ మేయకుండా ఆపితే బోడిగుట్ట మీద గడ్డి ఎట్లా మారుతుంది? కొత్త మొక్కలు వస్తాయా, రావా? తొలివానల మిర్గం కార్తె నుంచి మాఘమాసం దాకా నెలకొకసారి వెళ్లి, అదే చోట, ఒక్కొక్క మొక్కా లెక్కపెట్టి రాయాలి. కల్వకుర్తికి అవతల, శ్రీశైలం బాటకు రెండు కోసుల లోపల ఒక ఎర్రమట్టి గుట్టను సాహెబే చూపించాడు.

"పని గట్టిగా చేస్తే, వచ్చే ఏడు నువ్వు మా దగ్గరే డిమాన్‌స్ట్రేటర్‌వి మియా," అన్నాడు.

ఆ మాట సిద్దయ్య గుండెలో నాటుకుపోయింది. గండయ్యకు కళ్లు మసకబారుతున్నాయి. తెగిన పోగు కనబడక వేలితో తడుముకుంటున్నాడు. ఈ ఉద్యోగం వస్తే నాయనను మగ్గం గుంటలోంచి పైకి తీయవచ్చు. పట్నంలో ఒక గది, తలుపు తడితే "ఎవరూ" అని తెలుగులో అడిగే గొంతు ఒకటి. అతని ఆశ అంతా అంతే. అదంతా ఇప్పుడు ఒక బోడిగుట్ట మీది గడ్డి చేతిలో ఉంది.

*

శుక్రవారం యూనివర్సిటీకి సెలవు. గురువారం బొగ్గుతో నడిచే బస్సెక్కి, దగ్గుతూ తుమ్ముతూ అది కల్వకుర్తి చేరాక ముసాఫిర్‌ఖానాలో పడుకుని, పొద్దున్నే నడిచి గుట్ట చేరేవాడు. మొదటిసారి వెళ్లినప్పుడు రెండు చదరాలు కొలిచాడు. ఒక్కొక్కటి నాలుగు వైపులా నాలుగు గజాలు. మూలలకు కర్రలు పాతి, నాయన ఇచ్చిన పసుపు దారం అడ్డంగా, నిలువుగా పడుగూ పేకల్లా కట్టాడు. ఒక చదరం చుట్టూ తుమ్మకంప వేశాడు, మేకలు రాకుండా. రెండోదాన్ని మేకలకే వదిలేశాడు. ఆ రెంటికీ వచ్చే తేడాయే అతని చదువు.

మోకాళ్ల మీద కూర్చుని, తల నేలకు ఆనించినంత పని చేసి, ఒక్కొక్క గడి లెక్కపెడుతుంటే వెనక నుంచి గొంతు వినిపించింది.

"ఏం దేవులాడుతున్నవయ్యా? ఏమన్న పోగొట్టుకున్నవా?"

తిరిగి చూశాడు. భుజాన గొంగడి, చేతిలో కర్ర, వెనక నలభై మేకలు. అరవై ఏళ్లుంటాయి. ఈదమ్మ అనే ఆ ముసలమ్మ పటేలు మేకలను పాలుకు మేపుతుంది. పుట్టిన పిల్లల్లో వంతు ఆమెది.

"పోగొట్టుకోలె. లెక్కవెడుతున్న."

"ఏం లెక్క?"

"గడ్డి లెక్క. జర మాట్లాడకు అవ్వా, లెక్క తప్పుతది. ఇంకోమాట, గీ కంప లోపలికి మేకలు రావద్దు. పసుపు దారం ఎవ్వరు దాటద్దు. దాటితే నా సదువు పోతది."

ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది, ఇక మాట్లాడనన్నట్టు. పోయి, దూరంగా ఒక బండ మీద కూర్చుంది. మాట మీద నిలబడే మనిషి. పొద్దు వాలేదాకా ఒక్క మాట అనలేదు. మేకలు కంప వైపు వస్తే నాలుక చప్పరించి మళ్లించేది. సిద్దయ్య లెక్క ముగించాడు. రెండు చదరాల్లోనూ తొమ్మిది రకాల మొక్కలే. చీపురుగడ్డి, వెంపలి, పల్లేరు, అట్లాంటివి. సంచి సర్దుకుని వెళ్లిపోయాడు. పోయొస్తానని చెప్పాలన్న ఆలోచనే రాలేదు. పొగరు కాదు, చెప్పి పోవడం మరిచిపోయాడంతే.

ఆషాఢంలో మళ్లీ వెళ్లాడు. ఈదమ్మ అదే బండ మీద, అదే మౌనంలో ఉంది. కంప వేసిన చదరంలో ఏడో వరసలో, చీపురుగడ్డి మొదట్లో, గింజంత నీలిపువ్వు కనబడింది. పోయిన నెల అది లేదు. నాలుగేళ్లుగా గట్టిగా మాట్లాడని మనిషి, గుట్ట దద్దరిల్లేలా అరిచాడు.

"అవ్వా! ఓ అవ్వా! గిటు రా!"

ఈదమ్మ కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"ఏం గరిచింది బిడ్డా? పామా?"

"పాము గాదు. గీ పువ్వు పేరేంది?"

ఈదమ్మ దారానికి ఇవతలే నిలబడి వంగి చూసింది. చూసి, కడుపు పట్టుకుని నవ్వింది.

"గింతదానికా గంత కేక? నా పానం గుట్ట దిగొచ్చింది. గిది విష్ణుకాంత. జరమొస్తే కసాయం తాగుతరు. మా మేకలకు పానం గీ ఆకంటే."

సిద్దయ్య పుస్తకంలో లాటిను పేరు పక్కన ఆమె చెప్పిన పేరు ఉర్దూ అక్షరాల్లో రాసుకున్నాడు. ఏమి రాసినవని అడిగితే చదివి వినిపించాడు.

"గా వంకర గీతలల్ల నా మాట ఉన్నదా?"

"ఉన్నది."

"నేను సచ్చినంక గూడ ఉంటదా?"

"ఉంటది అవ్వా."

ఆ రోజు లెక్క అప్పటికే అయిపోయింది. ఇద్దరూ చెరో బండ మీద కూర్చున్నారు. ఈదమ్మ తన కొడుకు సంగతి చెప్పింది. గుంపు మేస్త్రితో మట్టిపనికి పెళ్లాంతో సహా పోయి నాలుగేళ్లయింది. మొదటి ఏడు ఎవరో వచ్చి మంచిగున్నరని చెప్పారు. తర్వాత చెప్పడానికి ఎవరూ రాలేదు. ఊళ్లో గూడేనికి పోయేది నిద్రకు మాత్రమే. పగలంతా మేకలతోనే మాటలు. సిద్దయ్య తన నాయన సంగతి, మగ్గం సంగతి చెప్పాడు. గడ్డి లెక్కవెట్టుడు గూడ సదువేనా అని నాయన అడిగిన మాట చెబితే ఆమె మళ్లీ నవ్వింది. అతనూ నవ్వాడు. తన నవ్వు తనకే కొత్తగా వినిపించింది. బస్సు వేళ అయ్యేసరికి లేచి, పోయొస్త అవ్వా అని చెప్పి మరీ వెళ్లాడు.

*

శ్రావణంలో కంప వేసిన చదరంలో ఇంకో కొత్త మొక్క. ఈసారి గుంటగలగర. తెల్లటి పువ్వు, తడినేలలో పెరిగేది. ఈ రాళ్ల గుట్ట మీద అది కనబడటం వింతే. కాని సిద్దయ్యకు వెంటనే కారణం తోచింది. గిట్టలు తొక్కడం లేదు గనక నేల గుల్లబారింది, వాననీరు ఇంకుతోంది, తడి నిలుస్తోంది. అందుకే తడినేల మొక్క వచ్చింది. ఇంతకంటే గొప్ప సాక్ష్యం ఏం కావాలి? మనసుకు కావలసిన కారణం ఎప్పుడూ చేతికందే దూరంలోనే ఉంటుంది. పెద్ద చదువు చదివినవాడికి ఇంకా దగ్గరగా ఉంటుంది.

"అవ్వా, గిటు రా!" అని పిలిచాడు. ఆమె వచ్చింది. పేరు చెప్పింది. కూర్చున్నారు, మాట్లాడుకున్నారు.

భాద్రపదంలో పొన్నగంటి. ఆశ్వయుజంలో నేల ఉసిరి. కార్తీకంలో ఒకటి, మార్గశిరంలో ఒకటి. నెలకొకటి చొప్పున, ఎవరో పంపినట్టు వచ్చాయి. నిజం చెప్పాలంటే ఆ క్రమం చూసైనా అతనికి అనుమానం రావలసింది. రాలేదు. ప్రతిసారీ పిలిచేవాడు, ఆమె వచ్చి పేరు చెప్పేది, పుస్తకంలో చదివించుకునేది. ఆ పూట ఇద్దరికీ మాటలు దొరికేవి. పక్క చదరంలో మేకలు మేసినచోట అవే తొమ్మిది రకాలు. కంప వేసిన చదరంలో పదిహేను.

జమీలుద్దీన్ సాహెబ్ లెక్కలు చూసి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మియా, ఇది చిన్న సంగతి కాదు. ఆర్నెల్లలో ఆరు కొత్త మొక్కలు! ఫాల్గుణంలో పెద్దల సభ ఉంది. అక్కడ నువ్వే చదువుతావు. డిమాన్‌స్ట్రేటర్ కాగితం మీద నేను సంతకం పెట్టడమే ఆలస్యం," అన్నాడు. ఆ రాత్రి సిద్దయ్య నాయనకు ఉత్తరం రాశాడు. మగ్గం ఇక ఎవరికైనా ఇచ్చేయమని రాశాడు.

పుష్యంలో వెళ్లినప్పుడు కొత్త మొక్క ఏదీ లేదు. సిద్దయ్య చకచకా లెక్క ముగించి, మధ్యాహ్నానికే సంచి సర్దుకున్నాడు. వ్యాసం రాసుకునే తొందర. ఈదమ్మ బండ మీద నిలబడి చూస్తోంది. అతను చూసీ చూడనట్టు తలూపి, గుట్ట దిగి వెళ్లిపోయాడు.

*

మాఘంలో ఆఖరి లెక్క. ఈసారి లెక్కపెట్టి వదిలేయడం కాదు, మొక్కలన్నిటినీ వేళ్లతో సహా తీసి, కడిగి, ఎండబెట్టి పట్నం తీసుకుపోవాలి. పొద్దున్నే మొదలుపెట్టాడు. ఈదమ్మ ఇంకా రాలేదు. మొదట తొమ్మిది రకాలు తీశాడు. వేళ్లకు ఎర్రమట్టి, మొరం రాళ్లు. విష్ణుకాంత తీశాడు. దానికీ అదే ఎర్రమట్టి.

గుంటగలగర తీశాడు. వేళ్లతో పాటు పిడికెడు నల్లరేగడి మట్టి ముద్ద ఊడి వచ్చింది.

పైన గాలికీ వానకూ కొట్టుకొచ్చిన ఎర్రమన్ను కప్పి ఉండటంతో ఇన్నాళ్లూ అది కనబడలేదు. ముద్దను చేతిలో తిప్పి చూశాడు. నలిపాడు. మెత్తగా, జిగటగా వేళ్లకు అంటుకుంది. చుట్టూ రెండు కోసుల్లో ఎక్కడ తవ్వినా ఎర్రమట్టే. గుట్ట వెనక కుంట కింద మాత్రం ఒక పట్టె నల్లరేగడి ఉంది. అక్కడి మట్టి తనంతట తాను నడుచుకుంటూ గుట్ట ఎక్కదు. పొన్నగంటిని తీశాడు. నల్లమట్టి. నేల ఉసిరి. నల్లమట్టి. మిగిలిన రెండూ అంతే. అయిదింటికీ అయిదు ముద్దలు, చుట్టూ ఎర్రనేలలో అయిదు నల్లటి గుంటలు.

"దొరికిందా బిడ్డా?"

ఈదమ్మ ఎప్పుడు వచ్చిందో, దారం ఇవతల నిలబడి ఆశగా చూస్తోంది. ఈసారి పిలవకముందే వచ్చింది. సిద్దయ్య నల్లమట్టి ముద్దను ఆమె ముందుకు చాపాడు.

"గివన్ని ఎవరు నాటిండ్రు?"

ఆమె అబద్ధం ఆడలేదు. ఆడాలని కూడా తోచలేదు.

"నేనే నాటిన. కుంట కాడ ఏరుకొచ్చి, వేరు తెగకుంట మట్టితోనే తెచ్చి పెట్టిన. రోజు ముంతెడు నీళ్లు గూడ పోసిన. దారం దాటద్దన్నవు. దాటిన. అది తప్పే బిడ్డా. మా కాలు వడితే నీ సదువుకు ముట్టయితదేమో అని గుబులు వడ్డ. గని..."

"నీ కాలు వడితే ఏం గాదు! నా సదువే పాయె! ఎనిమిది నెలల నుంచి గీ గుట్ట ఎక్కుతున్న. ఆ కొత్త మొక్కలు వాటంతటవే వచ్చినయని పట్నంల అందరికి చెప్పిన. మా బాపుకు మగ్గం ఇడిసిపెట్టుమని రాసిన. అంత నాశనం జేసినవ్ గదవ్వా! ఎందుకు జేసినవ్? నిన్నెవరు జెయ్యుమన్నరు?"

అతను అంత గట్టిగా ఆమెను పిలిచిన రోజులున్నాయి గాని, ఇట్లా అరిచిన రోజు లేదు. మేకలు తలలెత్తి చూశాయి. ఈదమ్మ కర్ర మీద రెండు చేతులూ ఆనించి, నేలకేసి చూస్తూ చెప్పింది.

"కొత్త పువ్వు దొరికినన్నాడే నువ్వు నన్ను పిలుస్తవు. దొరకనాడు పిలువవు. మాట్లాడితే లెక్క తప్పుతదని మొదట్నే అంటివి. మల్ల నెలంత నాతోని మాట్లాడెటోడు ఎవడుండు బిడ్డా? ఒక్క పువ్వు వెడితే ఒక్క పూట మాట్లాడుతడు గదాని పెట్టిన. పుష్యంల ఎంత దేవులాడిన పచ్చటిది దొరకలే. నువ్వు మధ్యానమే పోయినవ్."

సిద్దయ్యకు కోపం అట్లాగే ఉంది, కాని దాన్ని ఎవరి మీద పెట్టాలో తెలియలేదు. వంగి మొక్కలన్నీ సంచిలో వేసుకున్నాడు. ఆమె వైపు చూడకుండానే గుట్ట దిగాడు. వెనక నుంచి పోయొస్తవా అన్న మాట వినిపిస్తుందేమోనని నడక నెమ్మదించాడు కూడా. వినిపించలేదు.

*

హాస్టలు గదిలో మొక్కల వేళ్లన్నీ కడిగాడు. నల్లమట్టి తొట్టి నీళ్లలో కరిగి, తూములోంచి పోయింది. కడిగాక అన్ని వేళ్లూ ఒకటే తెలుపు. ఏది గుట్ట మీద పుట్టిందో, ఏది కుంట నుంచి వచ్చిందో ఇక ఏ సాహెబూ చెప్పలేడు. వ్యాసం సగం రాసే ఉంది. పదిహేను అన్న అంకె కింద గీత కూడా గీసి ఉంది. అడిగేవాళ్లు లేరు. గుట్ట మీద ఉన్న ఒక్క సాక్షి పట్నం దారి ఎరగదు.

మూడు రోజులు వ్యాసం ముందు కూర్చున్నాడు. ఉద్యోగం కళ్ల ముందు కనబడుతోంది. గదీ కనబడుతోంది. తోటివాళ్లు వచ్చి ఏం మియా, ఒంట్లో బాగా లేదా అని అడిగితే బాగానే ఉందన్నాడు. ఎవరికి చెప్పుకోవాలి? చెప్పుకోగల మనిషి ఈ లోకంలో ఒక్కతే ఉంది, ఆమె మీదే అరిచి వచ్చాడు.

నాలుగో రోజు లెక్కల పుస్తకం మొదటి నుంచి తిరగేశాడు. ప్రతి నెలకూ పేజీ చివర వెళ్లిపోయిన వేళ రాసుకోవడం అతని అలవాటు. ఆషాఢం, పొద్దు వాలాక. శ్రావణం, పొద్దు వాలాక. భాద్రపదం, ఆశ్వయుజం, కార్తీకం, మార్గశిరం, అన్నీ అంతే. పుష్యం దగ్గర తన చేతిరాతే ఇట్లా ఉంది. 'కొత్తది ఏదీ లేదు. మధ్యాహ్నం.'

ఆ నాలుగు మాటలూ చాలాసేపు చూశాడు. ఎనిమిది నెలలు ఒక్కొక్క గడ్డిపరకనూ వంగి వంగి చూశాడు. పదడుగుల దూరంలో బండ మీద కూర్చున్న మనిషిని చూడలేదు. తనకు పట్టిన జబ్బే ఆమెకూ పట్టింది. తనకు తెలియలేదంటే తెలియలేదు, ఆమెలోనైనా గుర్తుపట్టి ఉండవలసింది. సిద్దయ్యకు ఏడుపొచ్చింది. తలుపు గడియ పెట్టి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తర్వాత కలం తీసుకుని పదిహేనును కొట్టేసి, పది అని రాశాడు. కింద ఉర్దూలో ఒక వాక్యం చేర్చాడు. 'మిగిలిన అయిదు మొక్కలను ఈదమ్మ అనే ఆమె తెచ్చి నాటింది.'

జమీలుద్దీన్ సాహెబ్ ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాడు.

"ఈ ఈదమ్మ ఎవరు?"

"అక్కడ మేకలు కాసే అవ్వ, సాహెబ్."

"ఎందుకు నాటింది?"

సిద్దయ్యకు ఉర్దూలో వేరుకూ బెరడుకూ పుప్పొడికీ మాటలు తెలుసు. దీనికి వెతుక్కోవలసి వచ్చింది.

"బాత్ కర్‌నే కో, సాహెబ్," అన్నాడు. మాట్లాడటానికి.

సాహెబ్ కిటికీలోంచి బయటికి చూశాడు. ఆయన కూడా ఎక్కడి నుంచో ఈ పట్నానికి వచ్చినవాడే. చివరికి కాగితాలు మడిచి వెనక్కిచ్చాడు. "ఒక్క మొక్కతో సభలో చదవలేం. డిమాన్‌స్ట్రేటర్ జాగా ఈ ఏడు ఇంకొకరికి పోతుంది, నేను ఆపలేను. మళ్లీ మిర్గం నుంచి మొదలుపెట్టు. కొత్త చదరం, అదే గుట్ట," అన్నాడు. సిద్దయ్య మోత్కూరుకు వెళ్లి, మగ్గం ఇంకో ఏడాది ఉంచమని నాయనకు చెప్పాడు. గండయ్య మళ్లీ ఒక నూలు చిలప తీసి పసుపు అద్దాడు.

*

మిర్గం వానలు పడ్డాయి. సిద్దయ్య గుట్ట ఎక్కేసరికి బండ ఖాళీగా ఉంది. ఈదమ్మ లేదు. చుట్టూ చూస్తే, దూరంగా అవతలి గుట్ట వాలులో మేకలు చుక్కల్లా కనబడ్డాయి. వాటి వెనక ఒక గొంగడి. ఈ వైపు గడ్డి పచ్చగా ఉన్నా, మేకలను ఇటు తోలడం మానేసింది. తన నీడ కూడా చదరం మీద పడకూడదనుకుందో ఏమో.

అతను కొత్త చదరం కొలిచాడు. కర్రలు పాతాడు. దారం కట్టాడు. కంప వేశాడు. మోకాళ్ల మీద కూర్చుని లెక్క మొదలుపెట్టాడు. మొదటి వరస, రెండో వరస. చీపురుగడ్డి, వెంపలి, పల్లేరు. కొత్తది ఏదీ లేదు. ఉండే వీలూ లేదు. గుట్టంతా నిశ్శబ్దం. పోయిన ఏడు ఇదే నిశ్శబ్దంలో ఎట్లా పని చేశాడో అతనికే అర్థం కాలేదు.

మూడో వరస మధ్యలో లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అరిచాడు.

"అవ్వా! ఓ ఈదమ్మవ్వా! గిటు రా!"

అవతలి వాలులో గొంగడి కదలలేదు. మళ్లీ అరిచాడు. కాసేపటికి సన్నగా, బెదురుగా గొంతు వచ్చింది.

"దొరికిందా?"

"ఏం దొరకలే!"

"మరెందుకు పిలుస్తున్నవ్?"

"ఊకెనే! మాట్లాడనీకి!"

మేకలు ఒక్కొక్కటే వాలు దిగడం మొదలుపెట్టాయి. వాటి వెనక కర్ర ఊనుకుంటూ ఈదమ్మ దిగింది. దారం దగ్గరికి వచ్చి, అలవాటుగా ఇవతలే ఆగిపోయింది. నోటి మీద చెయ్యి కూడా పెట్టుకుంది. సిద్దయ్య ఆ చెయ్యి తీసేయమన్నాడు. పక్కనే బండ చూపించి, కూర్చోమని, కొడుకు కబురేమన్నా తెలిసిందా అని అడిగి, మళ్లీ గడ్డి మీదికి వంగాడు.

ఆ రోజు లెక్క రెండుసార్లు తప్పింది.